పిన్ని ఎవరి పక్షం?

కొత్తగా కథలోకి వచ్చినవారి కోసం ఇంతదాకా జరిగింది కాస్త చెప్పుకుందాం. మన ఒంట్లోని ప్రతి కణంలోనూ ప్రోటీన్లు పుడుతూనే ఉంటాయి. పుట్టినప్పుడు అవి దారం పోగుల్లా ఉంటాయి. సరిగ్గా మడతపడితేనే పనికొస్తాయి, చిక్కుపడితే ఎందుకూ కొరగావు. ఆ మడత కుదిరేదాకా చెయ్యి పట్టుకుని ఉండే తోడు ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. వాటిలో పేరుమోసిన వాటి మీద పుస్తకాలకు పుస్తకాలే వచ్చాయి. ఒకదాని జన్యువును మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. దానికి ఒక అంకె తప్ప పేరైనా లేదు. చాలా ఏళ్ళ కిందట ఒక కొత్త జంట దాని మీద పని మొదలుపెట్టి, కనకపోయినా సాకుతుంది కదా అని దానికి ‘పిన్ని’ అని ముద్దుపేరు పెట్టుకుంది.

తర్వాత ఆ జంట విడిపోయింది. తెలుగులో అమ్మ చెల్లెలూ పిన్నే, నాన్న రెండో పెళ్ళామూ పిన్నే. భార్య ల్యాబ్‌లో పిన్ని మొదటి రకంగా నడుచుకుంది. అది లేకపోతే, వేడి తగిలిన కండరాల కణాలు చచ్చిపోయేవి. భర్త ల్యాబ్‌లో అది అచ్చం సవతితల్లి. అది ఉంటేనే కణాలు చచ్చేవి, తీసేస్తే బతికేవి. భర్త ఇప్పుడొక పెద్ద పరిశోధన సంస్థకు డైరెక్టర్. పిన్ని నోరు కట్టేసే మందు కూడా ఆయన తయారుచేశాడు. కండరాలు నీరసించి కరిగిపోయే ఒక వంశపారంపర్య జబ్బుకి దాన్ని వాడి చూడటానికి ఒక ఆసుపత్రి సోమవారం నుంచి మొదలుపెడతానంది. పేరిచ్చిన రోగుల్లో డైరెక్టర్ సొంత తమ్ముడూ ఉన్నాడు.

భార్య ఆ మందు వద్దంటోంది. పట్టుకుంటే వదలదని తోటివాళ్ళు ఆమెను ‘ఉడుం మేడం’ అంటారు. ఇద్దరి వాదనలూ అచ్చువేసి విసిగిపోయిన పత్రిక సంపాదకుడు ఒక షరతు పెట్టాడు. ఒకే బల్ల దగ్గర, ఒకే కణాలతో, ఇద్దరూ తమ చేతులతో ప్రయోగం చెయ్యాలి. గళ్ళు గళ్ళుగా ఉండే ఏ ప్లాస్టిక్ పెట్టెలో ఏ కణాలున్నాయో ఒక మధ్యవర్తికి తప్ప ఎవరికీ తెలియకూడదు. ఓడినవారు తమ వ్యాసం వెనక్కి తీసుకోవాలి. ఆ మధ్యవర్తి, రిటైరైన ఒక ప్రొఫెసరు, పెట్టెల గుట్టు విప్పి ఫలితం చదివాడు. డైరెక్టర్ చేతిలోనే కాదు, ఉడుం మేడం చేతిలో కూడా పిన్ని లేని కణాలే బతికాయి.

అంటే ఆమె తన చేతులతోనే ఓడిపోయింది.

*

మధ్యవర్తి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తీర్పు చెప్పినవాళ్ళు చేసే పని అదొక్కటే అన్నట్టు, మచ్చ లేని అద్దాన్ని మళ్ళీ మళ్ళీ తుడిచాడు. డైరెక్టర్ ల్యాబ్‌లో ఉన్న నలుగురు విద్యార్థులూ ఏదో పనున్నట్టు ఒకరి వెనక ఒకరు జారుకున్నారు.

ఆమె ఏడవలేదు, వాదించలేదు. మైక్రోస్కోపు ముందు కూర్చుని తన పెట్టెలు తానే మరోసారి చూసుకుంది. బతికిన కణాలు పచ్చగా, చచ్చినవి ఎర్రగా మెరుస్తాయి. పిన్ని లేని గళ్ళన్నీ వరిమడిలా పచ్చగా ఉన్నాయి. లెక్క తప్పలేదు. తన చెయ్యీ తప్పలేదు.

“నాకేం సంతోషంగా లేదు,” అన్నాడు డైరెక్టర్ కాస్త దూరంలో నిలబడి.

“ఉండాలిగా. గెలిచారు.”

“నీ లెక్క దొంగలెక్క అని నేనెప్పుడూ అనలేదు.”

“అనలేదు. చేతులు కుదురుగా ఉండవు అన్నారు. అదీ నిండు సభలో, మైకు పట్టుకుని.”

ఆయన ఆ మాట అన్నది నిజం. వాళ్ళ కాపురం విరగడానికి కారణాలు లక్ష ఉన్నా, విరిగిన చప్పుడు వినిపించింది మాత్రం ఆ రోజే. ఇంటికెళ్ళాక ఆమె తన పుస్తకాలు వేరు చేసుకుంది, అంతే. అప్పటికి వాళ్ళ అమ్మాయి ఇంకా బళ్ళో చదువుతోంది. ఇప్పుడు దంతవైద్యం చదువుతూ హాస్టల్లో ఉంటోంది. అమ్మ దగ్గర నాన్న ఊసెత్తదు, నాన్న దగ్గర అమ్మ ఊసెత్తదు. ఇద్దరి గురించీ మాట్లాడాలనిపిస్తే బాబాయి దగ్గరికి పోతుంది.

ఆమె లేచి బల్ల చివరికి నడిచింది. అక్కడ వాటర్ బాత్ ఉంది. స్టీలు తొట్టి, అందులో గోరువెచ్చని నీళ్ళు, పైన ఒక మూత. కణాలకు వేడి తగిలించడానికి పెట్టెల్ని అందులో తేలేలా పెడతారు. నీళ్ళలో వేలు ముంచి చూసి, ముంచినట్టే ఉండిపోయింది.

“మీరెప్పుడూ నీళ్ళలోనే పెడతారా?” అంది.

“మరెక్కడ పెడతాం?”

“మొదటి రోజు నుంచీ?”

“మొదటి రోజు నుంచీ. ‘గంటసేపు వేడి ఇచ్చాం’ అని నువ్వూ రాశావు, నేనూ రాశాను. అందులో తేడా ఏముంది?”

తేడా ఉంది. ఆమె ల్యాబ్‌లో వాటర్ బాత్ పాడై ఏళ్ళయింది. గాలిని వేడి చేసే బీరువా లాంటి ఒక ముసలి ఇంక్యుబేటర్ ఉంది. వేడెక్కమంటే అది మూలుగుతూ, తీరిగ్గా, కాస్త కాస్తగా ఎక్కుతుంది. పెట్టెల్ని ముందే లోపల పెట్టేసి దాని మీట తిప్పేవారు. ఇక్కడికొచ్చాక మధ్యవర్తి ఇద్దరికీ ఉమ్మడి పద్ధతి రాస్తూ “వేడి నీళ్ళ తొట్టిలో ఇద్దామా?” అని అడిగితే, ఎక్కడైతే ఏముందిలే అని ఆమే తలూపింది. వేడి వేడే కదా అనుకుంది. ఉడుం లాంటి మనిషి ఆ ఒక్క చోట పట్టు సడలించింది.

“ఇంకొక్కసారి చేద్దాం,” అంది.

డైరెక్టర్ నిట్టూర్చాడు. “ఓడినవాళ్ళకెప్పుడూ ఇంకో ఆట కావాలి.”

“గెలిచినవాళ్ళకి భయం లేకపోతే ఆడొచ్చు.”

మధ్యవర్తి కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఇంటికెళ్తే మనవడి సైకిలు బాగుచెయ్యాలి తప్ప ఆయనకు వేరే పనేం లేదు. “నేనుంటాను,” అన్నాడు ఉత్సాహంగా. “సగం పెట్టెలు నీళ్ళలో, సగం ఇంక్యుబేటర్లో. నీళ్ళలో ఉన్నపళంగా, ఇంక్యుబేటర్లో మెల్లమెల్లగా. కాదంటే, డైరెక్టర్‌గారు ఒప్పుకోలేదని సంపాదకుడికి రాయాల్సొస్తుంది మరి.”

అలా ఇద్దరూ మళ్ళీ ఒకే బల్ల ముందు కూర్చున్నారు. ఒకప్పుడు ఆ ఇద్దరూ ఇలాగే, మోచేతులు తగులుతూ పనిచేసేవారు. ఇప్పుడు మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలారు. చుక్కలు కొలిచి వేసే పైపెట్‌ను ఆయన పట్టుకునే తీరు మారలేదు. చూపుడువేలు కాస్త పైకెత్తి, వీణ మీటబోతున్నట్టు పట్టుకుంటాడు. ఆమె చూసీ చూడనట్టు తన పని చూసుకుంది. ఆయన పెట్టెలకు ఆమె మూతలు పెట్టింది. ఆమె పెట్టెలను ఆయన ఇంక్యుబేటర్లోకి చేర్చాడు. మాటలన్నీ “ఇటివ్వు”, “అక్కడ పెట్టండి” వరకే.

మర్నాడు మధ్యాహ్నం కణాలకు రంగులేశారు. ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టి, చెప్పుకోకుండా మధ్యవర్తికి ఇచ్చారు. ఆయన పెట్టెల గుట్టుతో సరిపోల్చుకుంటూ ఒకసారి చదివాడు, ఆగాడు, మొదటినుంచీ మళ్ళీ చదివాడు.

“నీళ్ళలో పెట్టినవాటిలో పిన్ని లేనివే బతికాయి, నిన్నటిలాగే,” అన్నాడు. “ఇంక్యుబేటర్లో పెట్టినవాటిలో పిన్ని ఉన్నవి బతికాయి. లేనివి దాదాపు అన్నీ పోయాయి. మేడంగారి చేతిలోనూ అంతే, డైరెక్టర్‌గారి చేతిలోనూ అంతే.” కాగితం కింద పెట్టి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “ఇన్నేళ్ళూ ఇద్దరూ నిజమే చెప్పారన్నమాట. అనవసరంగా తిట్టుకున్నారు.”

ఎవరూ నవ్వలేదు. డైరెక్టర్ మైక్రోస్కోపు దగ్గరికెళ్ళి తన పెట్టెనే చూశాడు. ఇంక్యుబేటర్లో పెట్టిన, పిన్ని లేని కణాల పెట్టె; తను స్వయంగా వేసి, స్వయంగా లెక్కపెట్టింది. గడి నిండా ఎరుపే.

*

డైరెక్టర్ గదిలో తలుపు వేసుకున్నాక గాని అసలు మాట మొదలవలేదు.

“ఒక్కసారిగా వేడి తగిలితే ప్రోటీన్లన్నీ ఒకేసారి విప్పుకుంటాయి,” అంది ఆమె. “పిన్ని అన్నిటినీ పట్టుకోబోయి వాటితో కలిసి ముద్దయిపోతుంది. ఆ ముద్దే కణాన్ని చంపుతోంది. మెల్లగా ఎక్కితే ఒక్కొక్కదాన్నీ సర్దుకుంటూ వస్తుంది. అప్పుడది లేకపోతే సర్దేవాళ్ళు లేరు.”

“ఇది నీ ఊహ.”

“ఊహే. లెక్క మాత్రం ఊహ కాదు. ఇప్పుడు చెప్పండి, మనిషికి జ్వరం ఎలా వస్తుంది? నీళ్ళ తొట్టిలో దూకినట్టా, ఇంక్యుబేటర్ ఎక్కినట్టా?”

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. జవాబు తెలుసు. తెలిసిన జవాబు నోటితో చెప్పడం వేరు.

“జ్వరం లేనప్పుడు మందు మంచే చెయ్యొచ్చు,” అన్నాడు చివరికి. “ఈ రోగుల కండరాల్లో చిక్కుపడ్డ ప్రోటీన్ ముద్దలే ఉన్నాయి. వాటికి కాపలా కాస్తున్నది పిన్నే. దాన్ని తప్పిస్తే ముద్దలు కరుగుతాయి. ఎలుకల్లో చూశాం.”

“ఎలుకల్లో ఒక్కదానికైనా జ్వరం వచ్చిందా?”

“రాలేదు.”

“మనుషులకి వస్తుంది. వాన వస్తే వస్తుంది, పక్కవాడు తుమ్మితే వస్తుంది. ముందు చలి, వణుకు; వేడి తర్వాతే మెల్లగా ఎక్కుతుంది.”

“జ్వరం ఉన్నవాళ్ళకి మందు ఇవ్వొద్దని రాయిస్తాను.”

“మందు వేసుకున్నాక జ్వరమొస్తే? రేపటి జ్వరాన్ని ఇవాళ ఎలా పట్టుకుంటారు?”

ఆయన బల్ల మీద వేళ్ళతో తాళం వేశాడు. కోపం వస్తే ఆయన గొంతు పెంచడు, తగ్గిస్తాడు. “ఒక్కసారి వచ్చిన ఫలితం ఇది. ఒక్కసారి చూసింది చూసినట్టు కాదని నా విద్యార్థులకి పాఠం చెప్పిందే నువ్వు. ఇదే మాట నేను చెప్పి ఉంటే మూడుసార్లు చేసి చూపించమనేదానివి.”

“అనేదాన్ని.”

“మరి?”

“వ్యాసానికైతే మూడుసార్లు చేద్దాం. ఏడాది పట్టినా సరే. తమ్ముడికి మందు వేయకుండా ఆపడానికి మాత్రం ఆ ఒక్క పెట్టే చాలు నాకు.” అప్పటిదాకా మీరు, మీరు అంటున్న మనిషి ఉన్నట్టుండి అంది, “నువ్వు చూశావు కదా. నీ చేత్తో చేశావు. నీ చేతులు కుదురైనవేగా?”

ఆ దెబ్బకి ఆయన ఫోను తీసి ఆసుపత్రి డాక్టరుకి చేశాడు. ఆవిడ ఆపరేషన్ గదిలో ఉన్నారని, బయటికొచ్చాక చెబుతామని అన్నారు అటువాళ్ళు.

“ముందు వాడికి మనం చెబుదాం,” అన్నాడు డైరెక్టర్ లేస్తూ. “సోమవారం ఆసుపత్రికి వెళ్ళొద్దని. వాడు నా మాట వినడు. నువ్వు చెబితే వింటాడు.”

*

తమ్ముడు లిఫ్టుల మెకానిక్. చేతుల్లో పట్టు తగ్గి స్పానర్ జారడం మొదలయ్యాక పని మానేశాడు. తర్వాత కాళ్ళూ మొరాయించాయి, చేతికర్ర వచ్చింది. అన్నావదినలు విడిపోయినా వదినను వదినా అనే పిలుస్తాడు. ఎవరైనా అదేమిటని అడిగితే “విడాకులు అన్నయ్య తీసుకున్నాడు గాని నేను తీసుకోలేదుగా” అంటాడు.

బెల్లు కొట్టారు. మామూలుగా తలుపు తీయడానికి అతనికి చాలాసేపు పడుతుంది. లోపల కర్ర టకటక, కుర్చీ జరిగిన చప్పుడు, ఒక బూతు, తర్వాత గడియ. ఈసారి ఇలా కొట్టారో లేదో అలా తీశాడు. చేతిలో కర్ర లేదు.

“ఓహో! జంటగా వచ్చారే! బయట వానేమైనా పడుతోందా?” అన్నాడు. వాళ్ళు నోరు తెరిచేలోగా వంటింటిదాకా నడిచి, నీళ్ళ గ్లాసులు రెండు చేతుల్లో పట్టుకొచ్చాడు. ఒక్క చుక్క తొణకలేదు. గ్లాసులు బల్ల మీద పెట్టి, గారడీ అయిపోయినవాడిలా చేతులు చాపాడు.

డైరెక్టర్ కూర్చోబోతున్నవాడు మధ్యలోనే ఆగిపోయాడు. “ఎప్పటినుంచి?”

“ఏదెప్పటినుంచి?”

“మందు ఎప్పటినుంచి వేసుకుంటున్నావు?”

తమ్ముడు మెడ గోక్కున్నాడు. “చెప్పకూడదన్నారు అన్నయ్యా. మందు కనిపెట్టినవాళ్ళకి రోగుల సంగతి తెలియకూడదంటగా, అదేదో రూలు. అందరికీ సోమవారమే గాని, ముందు ఒకరికిచ్చి చూద్దామనుకున్నారంట. ఆ రావాల్సినాయన రాలేదు. నన్ను పదిహేను రోజులు ముందుకి జరిపారు. పోయిన వారం దాకా నాకూ నమ్మకం లేదు. మొన్న మేడ మెట్లు ఎక్కాను. నా మొహానికి మెట్లు!”

ఆమె మెల్లగా, మధ్యలో ఆగకుండా, జరిగిందంతా చెప్పింది. నీళ్ళ తొట్టి గురించి, ఇంక్యుబేటర్ గురించి, జ్వరం గురించి. కష్టమైన మాట ఒక్కటీ వాడలేదు. అతను శ్రద్ధగా విన్నాడు. విన్నాక గట్టిగా నవ్వాడు.

“ఉద్యోగంలో చేరినప్పటినుంచీ జనాన్ని పైకి పంపడమే కదా వదినా నా పని. ఇప్పుడు అన్నయ్య నన్ను పంపిస్తానంటే కాదంటానా?”

“హాస్యం కాదు. ఇవాళే ఆపెయ్యి.”

“ఆపితే?” నవ్వు పోయింది. “కర్ర మళ్ళీ వస్తుంది. తర్వాత చక్రాల కుర్చీ. తర్వాత మంచం. మా నాన్నని చూశాను, పెదనాన్నని చూశాను. ఆ దారిలో మలుపుల్లేవు వదినా. జ్వరమొస్తే పోతాను సరే, రాకపోతే? వీధిలోకి అడుగుపెట్టకుండా కూర్చుంటా. ఎవడినీ దగ్గరికి రానివ్వను. నాకు నడవాలని ఉంది.”

ఆమె అన్నదమ్ములిద్దరినీ చూసింది. ఒకే ముక్కు, ఒకే నుదురు. ఒకడికి జబ్బొచ్చింది. ఇంకొకడికి రాలేదు గాని, అతని రక్తంలో ఉందో లేదో అతనెప్పుడూ పరీక్ష చేయించుకోలేదు.

“సరే, నీ ఇష్టం నీది,” అన్నాడు డైరెక్టర్ అతికష్టం మీద. “కనీసం ఎంత వేసుకున్నావో చెప్పు. రోజుకి రెండు మాత్రలు కదా? మిగిలినవి తీసుకురా, లెక్క చూద్దాం. మోతాదును బట్టి ప్రమాదం ఎంతో ఒక అంచనాకి రావచ్చు.”

తమ్ముడు కదల్లేదు. ఇందాక గ్లాసులు తొణక్కుండా తెచ్చిన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు.

“రెండూ నేను వేసుకోవట్లేదు.”

“అంటే?”

“పొద్దునది నేను వేసుకుంటున్నా. రాత్రిది...” తలెత్తి వదిన వంక చూశాడు. “వదినా, నువ్వు తిట్టకూడదు. అది ఏడ్చింది. పేషెంటు నోట్లో పనిముట్టు జారిందంట. ఒకసారి కాదు, చాలాసార్లు. జడ వేసుకోబోతే చేతులు పైకి లేవట్లేదంట. ఏడాది పైన అయింది మొదలై.”

ఆమెకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థం కాకూడదని మనసు మొండికేసింది.

“ఎవరు?” అన్నాడు డైరెక్టర్. ఎవరో ఆయనకు తెలిసిపోయిందని ఆ గొంతే చెబుతోంది.

“మన బుజ్జమ్మే. ఇంకెవరు? అన్నయ్య చేసిన మందు, అన్నయ్య కూతురికే ఇవ్వడంలో తప్పేముందనుకున్నా.”

“మాకెందుకు చెప్పలేదు?” ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

“చెప్పమనే అన్నాను. వద్దంది. ‘బాబాయ్, చెబితే ఎవరి మాట వినాలా అని వాళ్ళిద్దరూ మళ్ళీ పోట్లాట మొదలెడతారు, ఈసారి నా ఒంటి మీద’ అంది.”

అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకోలేదు. ఆమె సంచిలోంచి ఫోను తీసి కూతురి నంబరు నొక్కింది. చాలాసేపు మోగింది. ఆగిపోతుందనుకున్నప్పుడు ఎవరో ఎత్తారు. కూతురు కాదు, హాస్టల్ గదిలో దానితో ఉండే పిల్ల.

“అది పడుకుందాంటీ. మధ్యాహ్నం క్లాసు నుంచి వచ్చేసింది.”

“ఒంట్లో ఎలా ఉంది దానికి? జ్వరమేమైనా ఉందా?”

“చెయ్యి పెట్టి చూస్తే అంత వేడేం తగల్లేదాంటీ,” అంది ఆ పిల్ల ధైర్యం చెబుతున్నట్టు. “కాకపోతే చలి చలి అని ఒకటే వణుకుతోంది. నా దుప్పటి కూడా ఇప్పుడే కప్పాను.”